కుష్ఠము పాపమునకు గుర్తా?

మన సంఘములలో కొన్ని ప్రసంగములు విత్తనపు వడ్లవలె తరమునుండి తరమునకు చేతులు మారుచుండును. తండ్రి విన్నదానినే కుమారుడు వినును. ఉపదేశి నేర్చినదానినే అతని శిష్యుడు బోధించును. అట్టివానిలో ఒకదానిని గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయదలచితిమి. కుష్ఠము పాపమునకు గుర్తు అనునదియే ఆ ప్రసంగము. మార్కు సువార్త మొదటి అధ్యాయములోని కుష్ఠరోగి వృత్తాంతము చదువబడిన ఆదివారమున ఇది తరచుగా వినబడును. పాపము కుష్ఠమువలె చిన్న మచ్చగా మొదలగును. కుష్ఠము చర్మమును మొద్దుబార్చినట్లు పాపము మనస్సాక్షిని మొద్దుబార్చును. కుష్ఠమువలె ఒకరినుండి యొకరికి అంటుకొనును. తుదకు మనుష్యుని వెలివేయించును. ఇట్లు నాలుగు పోలికలు చెప్పి ప్రార్థనతో ముగింతురు. వినుటకు ఇంపుగానే యుండును. పిల్లలకు కంఠస్థము చేయుటయు సులభము.

ఈ ప్రసంగమును మనము మానవలెనని మా అభిప్రాయము. బోధకులయెడల గౌరవము తక్కువై ఇట్లు వ్రాయుటలేదు. ఆ పోలిక వాక్యమునకే సరిపడదనియు, అది మన నడుమ జీవించు కొందరి అన్నమును, పెండ్లిని, గుడిలో కూర్చుండు చోటును తాకుచున్నదనియు మాకు తోచినందున వ్రాయుచున్నాము.

మొదట వాక్యమునే చూతము. లేవీయకాండము 13, 14 అధ్యాయములను మన పిల్లలలో పూర్తిగా చదివినవారు అరుదు, పెద్దలలోను అంతే. ఓపికతో చదివినచో అందులో ఒక విచిత్రము కనబడును. మనుష్యుని చర్మమునకు వచ్చు కుష్ఠమును గూర్చి చెప్పిన పిమ్మట, ఉన్నిబట్టకును నారబట్టకును వచ్చు కుష్ఠమును గూర్చి 13వ అధ్యాయమే చెప్పుచున్నది. బట్టపై పచ్చగానో ఎఱ్ఱగానో మరక కనబడినచో యాజకుడు దానిని ఏడు దినములు వేఱుగా ఉంచవలెను; మరక వ్యాపించినచో కాల్చివేయవలెను. 14వ అధ్యాయములో ఇంటిగోడకే కుష్ఠము వచ్చును. ఆ రాళ్లను ఊడదీసి ఊరివెలుపల పారవేయవలెను. వానకాలమున మన యిండ్లలో మూలనున్న దుప్పటికి బూజుపట్టుట ఎల్లరము చూచినదే గదా! గోడకు బూజుపట్టిన ఇంటివారు ఏ పాపము చేసినారని మనమెవ్వరమును అడుగము. కాబట్టి హెబ్రీ భాషలోని ఆ మాట నేటి వైద్యులు కుష్ఠమను ఒక్క వ్యాధికి పేరు కాదు. చర్మముమీదను, బట్టమీదను, గోడమీదను పైకి పొడచూపు పలువిధములైన మరకలకు అది పొత్తుపేరు. అందుచేతనే ఇటీవలి కొన్ని ఆంగ్లానువాదములలో ఆ చోట కుష్ఠమను మాటను విడిచి, అపవిత్రపఱచు చర్మవ్యాధియని అర్థమిచ్చు మాటను వేసినారు. అదే అధ్యాయములో, వ్యాధి దేహమంతటను నిండి పూర్తిగా తెల్లనైనచో అట్టివాడు పవిత్రుడని యాజకుడు నిర్ణయింపవలెననియు ఉన్నది. కుష్ఠము పాపమునకు గుర్తైనయెడల, తల మొదలు పాదము వఱకు పాపముతో నిండినవాడు పవిత్రుడని చెప్పవలసివచ్చును! ఏ బోధకుడును దీనిని ప్రసంగింపగా మేము వినలేదు. (బట్టతల అపవిత్రము కాదనియు ఆ అధ్యాయమే సెలవిచ్చుచున్నది. మా ఉపాధ్యాయులలో కొందరికి ఇది ఊరట.)

మన తెలుగు మాటకును ఇట్టి చరిత్రయే గలదు. చరకుడును సుశ్రుతుడును కుష్ఠమును పదునెనిమిది విధములుగా చెప్పిరి: మహాకుష్ఠములు ఏడు, క్షుద్రకుష్ఠములు పదునొకండు. గజ్జి, తామరవంటివి సహితము ఆ క్షుద్రకుష్ఠములలో చేరును. అనగా మన పూర్వవైద్యులకు సహితము కుష్ఠమనగా ఒక వ్యాధి కాదు, చర్మవ్యాధుల గుంపు. బైబిలును తెనిగించిన పెద్దలు ఆ హెబ్రీ మాటకు కుష్ఠమను మాటను ఎన్నుకొనుట ఆ కాలమునకు తగియే యున్నది. తరువాత ఆ మాట ఇరుకై, మన పల్లెలలో పెద్దరోగమని పిలుచు ఒక్క వ్యాధిమీద నిలిచిపోయెను. పాత గ్రంథములోని విస్తారమైన మాటను చదివి, దానిలోని భయమునంతటిని ఈ ఒక్క వ్యాధిగలవాని నెత్తిన మోపుచున్నాము.

ఇందుకు ఎదురుమాట లేకపోలేదు. మిర్యాము మోషేకు విరోధముగా మాటలాడి కుష్ఠురాలాయెను. గేహజీ లోభించి కుష్ఠరోగి యాయెను. ఉజ్జియారాజు గర్వించి దేవాలయములో ధూపము వేయబూనగా అతని నొసట కుష్ఠము పుట్టెను. ఈ మూడు చోట్లను అది శిక్షయే, కాదని మేమనము. అయినను జెకర్యా నమ్మకపోయినందున మూగవాడాయెను. అందుచేత మూగవారందరు అవిశ్వాసులని ప్రసంగింతుమా? సౌలు దమస్కు మార్గమున చూపు గోల్పోయెను, గ్రుడ్డివారందరు సంఘహింసకులా? పుట్టుగ్రుడ్డిని చూచి, ఎవరి పాపమువలన ఇట్లాయెనని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెనని యోహాను సువార్త 9వ అధ్యాయమున చదువుచున్నాము. మూగతనమునకును గ్రుడ్డితనమునకును వర్తింపని న్యాయము కుష్ఠమునకు మాత్రము ఏల వర్తింపవలెను? మఱియు ఏ పాపమును పేర్కొనకయే గ్రంథము కుష్ఠరోగులను ఎందరినో మనకు చూపుచున్నది. నయమాను పరాక్రమశాలియని పొగడబడినవాడు. షోమ్రోను కరవులో మొట్టమొదట శుభవార్త తెచ్చినవారు పట్టణపు గుమ్మమునొద్ద నుండిన నలుగురు కుష్ఠరోగులు. బేతనియలో ప్రభువు భోజనపంక్తిని కూర్చుండినది కుష్ఠరోగియైన సీమోను ఇంటనే.

మిర్యాము కథలో మనము తరచుగా దాటివేయు సంగతి యొకటి గలదు. ఆమె ఏడు దినములు పాళెము వెలుపల నుండెను. ఆ ఏడు దినములును ఇశ్రాయేలు ప్రజలు ప్రయాణము సాగింపలేదు. ఆమె మరల చేర్చుకొనబడిన పిమ్మటనే గుడారములు ఎత్తిరి. శిక్షించబడినదానికొఱకే ఒక జనమంతయు ఆగినది!

ఇక మార్కు సువార్తకు వత్తము. మొదటి అధ్యాయము కుష్ఠరోగి కథతో ముగియుచున్నది. రెండవ అధ్యాయము పక్షవాతరోగి కథతో మొదలగుచున్నది. రెండును ప్రక్కప్రక్కనే యున్నవి గనుక పిల్లలు పోల్చి చూచుట కష్టము కాదు. పక్షవాతరోగితో ప్రభువు మొదట మాటలాడినది పాపక్షమాపణను గూర్చి. కుష్ఠరోగితో మాటలాడినప్పుడు పాపమను మాటయే లేదు. శుద్ధుడగుట అను మాట మాత్రమే గలదు. పాపమునకు గుర్తుగా ఒక వ్యాధిని చూపవలెనని సువార్తికుడు తలచియుండినచో, ఆ సందర్భము అతని చేతిలోనే యుండెను. అతడట్లు చేయలేదు. అయినను మన ప్రసంగములలో పాపమును కుష్ఠరోగి నెత్తినే పెట్టుదురు. మంచముమీద మోయబడివచ్చిన పక్షవాతరోగిని చూచినప్పుడు నలుగురు స్నేహితుల విశ్వాసమును పొగడుదురు.

ఆ కథలో ప్రభువు ముందు చేయి చాచి ముట్టెను, పిమ్మట పలికెను. పలుకుతోనే స్వస్థపఱచగలవాడు ముట్టుట ఎందులకు? ఈ ప్రశ్నకు మా తరగతిలోని పిల్లలు చెప్పిన ఉత్తరములలో మాకు మిగుల నచ్చినది: ఎన్నో యేండ్లనుండి ఎవరును ముట్టలేదు గనుక. పిమ్మట ప్రభువు అతనిని యాజకునియొద్దకు పొమ్మని పంపెను. ఇది ఆచారమును పాటించుట మాత్రమే యని కొందరందురు. మాకట్లు తోచదు. ఆ కాలమున యాజకుని మాట లేనిది ఊరు అతనిని చేర్చుకొనదు. అమ్మువాడు అమ్మడు, కొనువాడు కొనడు, ఇంటివారు తలుపు తీయరు. దేహము బాగుపడుట ఒక పని. ఊరు చేర్చుకొనుట రెండవ పని. ప్రభువు రెండవదానిని మఱవలేదు.

ఈ రెండు పనులును మనకు పొరుగుననే ఒకచోట జరిగినవి గనుక దానిని చెప్పక తప్పదు. బాన్సువాడనుండి నిజామాబాదు చేరి, అచ్చటినుండి కామారెడ్డి వైపు రహదారిని పోయినచో డిచ్‌పల్లి తగులును. ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలును, ఆమె భర్తయైన జార్జి కెర్ పాదిరిగారును 1915లో అచ్చట కుష్ఠరోగులకు వైద్యశాలను నెలకొల్పిరి. అందుకు ధనమిచ్చి ఆదుకొన్నవారిలో నిజామాబాదు రాజా నర్సాగౌడుగారు ముఖ్యులు. ఆయన హిందువు. క్రైస్తవ మిషనరీ చేతులు కట్టుకట్టగా, హిందూదాత ధనము గోడలు లేపినది. ఆ నాటి చికిత్స చాల్మోగ్ర నూనెను సూదులతో ఎక్కించుట. బాధ మెండు, ఫలము నిశ్చయము కాదు. అయినను రోగులు దూరపుటూళ్ల నుండి సహితము వచ్చిరి. మందు నమ్మియే వచ్చిరో, ముట్టువారున్నారని విని వచ్చిరో! రెండును కావచ్చును. ఆ వైద్యశాలలో పనిచేసిన జాన్ లో అను వైద్యుడు తరువాత నైజీరియాకు పోయి, డాప్సోను అను ఔషధమును బిళ్లలుగా మ్రింగించి వ్యాధిని అదుపు చేయవచ్చునని చూపినవారిలో ఒకడాయెను. మన తాలూకాల రోగుల యొద్ద నేర్చినది ఆఫ్రికాఖండమునకు చేరినదన్నమాట.

నేడు వ్యాధి స్థితి వేఱు. దీనికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే దేశస్థుడైన హాన్సెను 1873లోనే కనుగొనెను. పలు మందులను కలిపి ఇచ్చు చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో ఉపదేశించెను. వ్యాధి రకమునుబట్టి ఆరు నెలలో పండ్రెండు నెలలో బిళ్లలు మ్రింగవలెను. ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా నిత్తురు. మందు మొదలుపెట్టిన కొద్ది దినములకే అంటించుగుణము పోవును. అసలు నూటికి తొంబదియైదుగురి దేహములు సహజముగనే ఈ వ్యాధిని తట్టుకొనునని వైద్యులు చెప్పుచున్నారు. జాతీయస్థాయిని పదివేలమందికి ఒక్కరికంటె తక్కువకు వ్యాధి దిగినదని 2005 చివర మన దేశము ప్రకటించెను. దానిని విని, వ్యాధియే లేదని చాలమంది తలచుచున్నారు. అది తప్పు. మన దేశమున ఏటేట లక్షకు అటునిటుగా క్రొత్త రోగులు కనబడుచున్నారు. లోకమంతటిలో సగమునకు మించి ఇచ్చటనే.

కనుక ప్రసంగములోని పోలికలలో అంటుకొనుటయు వెలివేయుటయు నేడు నిలువవు. మొద్దుబారుట మాత్రము నిజము; కాని దాని తీరు వేఱు. మన మండలము నిజాంసాగరు నీటితో వరి పండించు నేల. 1931లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి మన జనులకు బురదలో దిగి నాటువేయుటయు, కోతకోయుటయు బ్రతుకుతెరువు. స్పర్శ పోయిన పాదముతో పొలములో దిగిన కూలికి ముల్లు గ్రుచ్చుకొన్నది తెలియదు. స్పర్శ లేని చేతితో పొయ్యిమీది బగోనాను దింపు తల్లికి చర్మము కాలినది తెలియదు. వ్యాధివలన వ్రేళ్లు కుళ్లి రాలునని మన పెద్దలు నమ్మిరి. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడు 1940ల చివరనుండి ఈ చేతులను పరీక్షించి, అవి తమంతట కుళ్లుటలేదనియు, నొప్పి తెలియక తగిలిన దెబ్బలును, కాలిన గాయములును, వాటికి పట్టిన చీమునే వ్రేళ్లను తినివేయుచున్నవనియు చూపెను. బిగుసుకొనిపోయిన వ్రేళ్లను కండరపు నరములను మార్చి కుట్టి మరల ఆడునట్లు చేసెను. పాదములకు మెత్తని రబ్బరు చెప్పులు చేయించెను. నొప్పిలేమి ఇక్కడ దోషము కాదు, కాపలాలేని ఇల్లు. దానిని హృదయకాఠిన్యమునకు పోల్చుట వినసొంపైనదే. కాని ఆ పాదములకు కావలసినది పోలిక గాదు, చెప్పులు.

పోలిక పోలికయే గదా, దానివలన ఎవరికేమి నష్టమని అడుగువారు గలరు. నష్టము గలదు. ఒక ఊరి ఆదివారపు బడిలో ఈ పాఠము జరిగినదినమున మేము వెనుకవరుసను కూర్చుండి యుంటిమి. నల్లబల్లమీద ఒక ప్రక్క కుష్ఠమనియు, రెండవ ప్రక్క పాపమనియు వ్రాసి, నడుమ గీతలు గీచిరి. ముందువరుసలో ఒక పిల్ల తలవంచుకొని పలకమీద గీతలు గీచుచు, పాట సమయమునను తలయెత్తలేదు. ఆమె తాతగారికి చిన్ననాడు ఆ వ్యాధి వచ్చి నయమైనదనియు, ఆయన చేతివ్రేళ్లు ముడుచుకొని యుండుననియు ఆ ఊరివారందరికి తెలియును. నల్లబల్లవద్ద నుండినవారికి మాత్రము జ్ఞాపకము రాలేదు. ఎవరును ఆ పిల్లను ఏమియు అనలేదు. అనవలసిన పనియు లేకపోయెను. మఱుసటి ఆదివారము ఆమె రాలేదు.

పెండ్లి మాటలలో ఈ ప్రసంగము ఇంకను గట్టిగా పనిచేయును. పిల్ల మంచిది, చదువుకొన్నది, గుడికి వచ్చును, అంతయు సరియే. ఆ ఇంట పెద్దరోగము ఉండెనట గదా యను ఒక్కమాటతో సంబంధము తప్పును. ఇది వంశపారంపర్యపు వ్యాధి కాదని వైద్యులు ఎంత చెప్పినను, గేహజీ సంతతికిని శాపము తగిలెనని ఎవరో ఒకరు గ్రంథమునుండి చూపుదురు. వాక్యము తెలిసినవాడు తెలియనివానికంటె ఎక్కువ కఠినుడగుట మేము పలుమారులు చూచితిమి.

చట్టము సహితము ఈ విషయమున మనలనుబట్టియే నడచినది. క్రైస్తవ వివాహములకు వర్తించు 1869నాటి విడాకుల చట్టమును 2001లో సవరించినప్పుడు, భార్యకుగాని భర్తకుగాని నయముకాని తీవ్రమైన కుష్ఠము రెండేండ్లుగా ఉండినచో రెండవవారు విడాకులు కోరవచ్చునని అందులో చేర్చిరి. అప్పటికి నయముచేయు మందు వచ్చి ఇరువది యేండ్లు! దానిని తొలగింపవలసినదని న్యాయసంఘము 2015లో సిఫారసు చేయగా, 2019లో పార్లమెంటు క్రైస్తవ, హిందూ, ముస్లిము వివాహములకు సంబంధించిన చట్టములన్నిటనుండి ఆ కారణమును తీసివేసెను. రోగమందును ఆరోగ్యమందును విడువనని దేవుని సన్నిధిని ప్రమాణము చేయించు మనము, అంతకు ముందే ఆ నిబంధనను తీసివేయుడని ఎలుగెత్తి అడిగియుండవలసినది.

కావున బోధకులకును ఆదివారపు బడి ఉపాధ్యాయులకును మా మనవి ఇది. పాపమును గూర్చి తప్పక బోధింపుడు. దానికి పోలికలు మన బ్రతుకులో కొదువలేదు. తప్పుడు తూకపు రాయి గలదు; కూలికి ఎగవేసిన డబ్బు గలదు; పొరుగువాని పొలమునకు పోవు నీటిని రాత్రివేళ మళ్లించు గండి గలదు. ఇవి వినినప్పుడు తలవంచుకొనవలసినవారే తలవంచుకొందురు. మార్కు సువార్తలోని ఆ భాగము వచ్చిన ఆదివారమున ప్రభువు ముట్టెనని చెప్పుడు. మచ్చను గూర్చియు చెప్పుడు. పాలిపోయినదో ఎఱ్ఱనిదో మచ్చ ఉండి, దానిమీద దూదితో తాకినను తెలియకుండినచో దాచక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెనని ప్రసంగపీఠమునుండి చెప్పుట అపచారము కాదు. మొదటనే పోయినవారికి వ్రేళ్లు ముడుచుకొనవు. సిగ్గుచేత దాచినవారికే ముడుచుకొనును; ఆ సిగ్గులో కొంత భాగము మన ప్రసంగములు ఇచ్చినదే.

తలిదండ్రులకును ఒకమాట. ఇంట దీపము పెట్టి కుటుంబప్రార్థన చేయు ఆచారము బాన్సువాడ క్రైస్తవ కుటుంబములలో ఇంకను కొన్నిట నిలిచియున్నందుకు సంతోషించుచున్నాము. అప్పుడు చదివిన భాగమును మఱునాడు వంటింటిలోను వాకిటిలోను పిల్లలు సరిచూచుకొందురు. కుష్ఠరోగిని ప్రభువు ముట్టెనని రాత్రి చదివి, ఉదయము వాకిటికి వచ్చిన వ్రేళ్లు ముడుచుకొనిన కూలివానికి వేఱు గ్లాసులో చాయ పోసినచో, పిల్లలు రెండవ పాఠమునే నేర్తురు. అదే గ్లాసులో పోసినచో వివరించి చెప్పవలసిన పని లేదు. ప్రభువు బల్లయొద్ద గిన్నెను గూర్చియు ఇదే చెప్పుచున్నాము. నయమైనవారు చివరకు త్రాగవలెనని ఏ నియమమును లేదు; అయినను వారు తమంతట తామే చివరకు నిలుచుట మేము చూచితిమి. వారిని ముందుకు పిలువవలసినది పెద్దలు.

వచ్చు సంవత్సరపు ఆదివారపు బడి పరీక్షలో, కుష్ఠము దేనికి గుర్తు అను ప్రశ్న మరల వచ్చినచో ఏమి వ్రాయవలెనని మా విద్యార్థులు కొందరు మమ్మడిగిరి. లేవీయకాండము 13వ అధ్యాయములోని బట్టను గూర్చియు, 14వ అధ్యాయములోని గోడను గూర్చియు, మిర్యాము కొఱకు ఏడు దినములు ఆగిన జనమును గూర్చియు వ్రాయుమని చెప్పితిమి. మార్కులు తగ్గిన తగ్గనిండు.